తట్టడం రాదన్న మా అత్తగారు

మొన్న ఆదివారం గుడిలో మా కొత్త పాస్టరుగారు ప్రసంగం మధ్యలో ఉన్నట్టుండి వేళ్లు మడిచి, ప్రసంగపీఠం చెక్క మీద టకటకా మూడుసార్లు కొట్టారు. కునుకు తీస్తున్న ముసలివాళ్లు ఉలిక్కిపడ్డారు. ముందు చాపల మీద కూర్చున్న పిల్లలు కిసుక్కున నవ్వారు. నా పక్కావిడైతే ఎవరో వచ్చారనుకుని వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది. అడిగితే ఇస్తారు, వెతికితే దొరుకుతుంది, తడితే తలుపు తీస్తారు అని ప్రభువు కొండ మీద చెప్పిన మాట ఆనాటి వాక్యం. పాస్టరుగారు చిన్నవారు, చదువుకున్నవారు, చక్కగానే చెప్పారు. ప్రార్థన ఎలా చేయాలో, ఎంత ఓపికగా చేయాలో మూడు మెట్లుగా విడదీసి చెప్పారు. మధ్యలో గోదావరి మీద కొత్త వంతెన ఎక్కిన రైలు కూత వేస్తే కాసేపు ఆగి, అది దాటాక మళ్లీ అందుకున్నారు. నేను మాత్రం ఆ టకటక దగ్గరే ఆగిపోయాను. ఆ వాక్యం నా బతుకులో ఎన్ని వందలసార్లు విన్నానో, ఎంతమంది పిల్లలకు నేర్పానో లెక్కలేదు. అయినా అది ఎక్కడ వినబడినా నాకు పాస్టర్లూ దొరలూ గుర్తుకురారు. మోకాళ్ల దాకా బురదతో, నోట్లో చుట్టతో, "అది నాకు రాదే" అన్న మా అత్తగారు గుర్తుకొస్తుంది.

నేను పుట్టింది రాజమండ్రిలో. మా నాన్న మిషను బంగళాలో తోటమాలి. అందుకని నాకు ఆరేళ్లు రాగానే ఆడపిల్లల బోర్డింగులో చేర్చుకున్నారు. అక్కడ మాకు అన్నం ఎంత క్రమంగా పెట్టేవారో వాక్యాలు కూడా అంత క్రమంగా పెట్టేవారు. పొద్దున గంజికి ముందు ఒకటి, సాయంత్రం అన్నానికి ముందు ఒకటి అప్పజెప్పాలి. తడబడినవాళ్లు వరసలో చివరికి వెళ్లి నిలబడాలి. చివర నిలబడినవాళ్లకు కూరలో ముక్కలు మిగిలేవి కావు. ముక్కల మీద నాకున్న ప్రీతి వల్ల పన్నెండేళ్లు నిండేసరికి రెండు సువార్తలు దాదాపు నోటికి వచ్చేశాయి. బాగా అప్పజెప్పినవాళ్లకు దొరసానిగారు రంగుల బొమ్మల కార్డులు ఇచ్చేవారు. పెళ్లయి అత్తవారింటికి వెళ్లేటప్పుడు నా చెక్కపెట్టెలో చీరలు మూడు, కార్డులు నలభై పైచిలుకు. దేవుని వాక్యమంతా ఆ పెట్టెలో భద్రంగా ఉందని నాకు గట్టి నమ్మకం. పదిహేడేళ్ల వయసులో మనిషికి ఉండే నమ్మకాలన్నీ అలాగే ఉంటాయి కాబోలు.

మా ఆయన పంతులు. సొంత ఊరి పేటలోనే మిషను బడి నడిపేవారు. రేవు దాటి కొవ్వూరు వైపు వెళ్లి, అక్కడ కాలువ పడవ ఎక్కితే ఒక పూట ప్రయాణం. ఇద్దరు మనుషులు గట్టు మీద తాడు పట్టుకుని లాగుతుంటే పడవ నత్తనడకన కదిలేది. ఊరు మెరక మీద ఉండేది. పెంకుటిళ్లు, వాటికి అరుగులు, బండ్లు నిలిపే వాకిళ్లు. మా పేట కాలువ దిగువన పల్లంలో ఉండేది. పాతిక ముప్పై తాటాకు ఇళ్లు. ఊరికీ పేటకీ మధ్య రెండు చేలు అడ్డం. అయిదు నిమిషాల నడక. కానీ అది ఎంత దూరమో నాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది. మిషను బంగళా నీడలో పెరిగినదాన్ని, ఎవరైనా నన్ను చూసి పక్కకు తప్పుకోవడం అంతకుముందు ఎరగను.

మామగారు నా పెళ్లికి చాలా ముందే పోయారు. అత్తగారు ఒక్కతే కష్టపడి కొడుకును పెంచింది. పొడగరి. నల్లటి మనిషి. వంగి నాట్లు వేసీ వేసీ నడుము కొద్దిగా ముందుకు ఒరిగి ఉండేది. నాట్ల రోజుల్లో ఆవిడ వెనక పదహారు మంది ఆడవాళ్లు నడిచేవారు. ఆవిడ పాట ఎత్తుకుంటే గాని ఎవరి చెయ్యీ బురదలోకి దిగేది కాదు. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట ఆవిడకు అలవాటు. అలా కాలుస్తూనే పాడేది, మాట్లాడేది, తిట్టేది. ప్రార్థన వేళ మాత్రం ఆర్పి చెవి మీద పెట్టుకునేది. "మిషను పంతులు తల్లి చుట్ట కాలిస్తే నలుగురూ ఏమనుకుంటారమ్మా" అని మా ఆయన వాపోతే, "నలుగురికీ కనపడకుండానే కదరా నిప్పు నోట్లో దాచుకున్నాను" అనేది.

కొడుకు బాప్తిస్మం పొంది ఏళ్లు గడిచినా ఆవిడ ఇంకా పొందలేదు. ప్రతి ఆదివారం గుడికి వచ్చేది, పాటలన్నీ అందరికంటే గట్టిగా పాడేది. కానీ బాప్తిస్మానికి ముందు మిషను దొరగారు పరీక్ష చేస్తారు. పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన, పది వాక్యాలు నోటికి రావాలి. కూలికి పోయి వచ్చేదానికి అవి నేర్పే తీరిక ఎవరికుంది? నేను కోడలిగా అడుగు పెట్టగానే ఆ పని నా మీద పడింది. పొయ్యి మీద అన్నం ఉడికేలోగా పాఠం. నేను బోర్డింగు అలవాటు కొద్దీ ప్రతి మాటకూ అండీ తగిలిస్తుంటే, "నన్నేనా నువ్వు పిలిచేది, వెనకాల ఎవరైనా ఉన్నారా" అని నవ్వేది. ఆజ్ఞలు పదీ నాలుగు రోజుల్లో వచ్చేశాయి. నాట్ల పాట వరసలో పెట్టి పాడేసింది. దొంగతనం చేయకూడదన్న ఆజ్ఞ దగ్గర రాగం బాగా సాగదీసేది. చేలు గల కామందుగారి గుమస్తా గట్టు మీద నుంచి పోతుంటే మరీ సాగదీసేది.

వాక్యాలు కూడా తొమ్మిది వచ్చాయి. పదోదాని దగ్గర బండి ఆగింది. అడగడం, వెతకడం వరకు అప్పజెప్పి ఆగిపోయింది.

"తట్టడమంటే ఏంటే?" అని అడిగింది.

"తలుపు మీద చేత్తో చప్పుడు చెయ్యడమండి అత్తా. లోపలివాళ్లు విని తీస్తారు." అర్థం కావడానికి నా చెక్కపెట్టె మీద వేళ్లతో కొట్టి చూపించాను.

ఆవిడ పెట్టె వంక చూసి, మా గుమ్మానికి కట్టిన తడిక వంక చూసింది. వెదురు బద్దలూ తాటాకులూ కలిపి అల్లిన తడిక. పేటలో ఏ ఇంటికైనా అదే. "దీన్ని తడితే చప్పుడవదు. ఊడి మీద పడుద్ది."

"తడిక సంగతి కాదండి. తలుపులున్న ఇళ్ల సంగతి."

"తలుపులున్న ఇళ్లు ఊళ్లో ఉన్నాయి. అక్కడ మనం వీధిలోనే దూరంగా నిలబడి కేకెయ్యాలి, అమ్మగారండీ, పేటదాన్ని వచ్చానండీ అని. వినపడితే వస్తారు. లేకపోతే నిలబడాలి. అరుగు మీద చెయ్యేసినందుకే మీ మామని కట్టేసి కొట్టారు. ఇంక తలుపు దాకానా! నేను పుట్టి ఇన్నేళ్లయింది, ఒక్క తలుపు ముట్టుకుని ఎరగను."

బోర్డింగులో నేర్పిన జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. "ఇది మామూలు తలుపు కాదండి. పరలోకపు తలుపు. ప్రార్థన అన్నమాట."

"అలాగని రాసుందా?"

"రాయలేదు గాని, అర్థం అదేనండి."

ఆవిడ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. "అయితే అది తలుపులున్నోళ్లతో చెప్పిన మాటే. మనతో కాదు. అడగడం నాకొచ్చు, తెల్లారితే అదే పని. వెతకడం వచ్చు, కోతలయ్యాక చేలల్లో రాలిన గింజలు వెతికి తెచ్చే మీ ఆయన్ని సాకాను. తట్టడం మాత్రం నాకు రాదే."

నాకు ఒళ్లు మండింది. నలభై కార్డులు గెలుచుకున్నదాన్ని, అర్థం చెబితే వినకపోవడమేంటని. అర్థం అవసరం లేదు, ఊరికే అప్పజెప్పండి చాలు అన్నాను. ఆవిడ అన్నం వార్చడానికి లేచింది.

ఆ నెలాఖరులో దొరగారు పడవ మీద వచ్చారు. బడి పాకలో బల్ల వేశారు. పేటంతా చుట్టూ చేరింది. దొరగారు మంచివారు, ఓపికమంతులు. అయితే తెలుగు పండితుల దగ్గర నేర్చుకున్నారేమో, హరికథలో రాజుగారు మాట్లాడినట్టు మాట్లాడేవారు. అత్తగారు ఆజ్ఞలు చెప్పింది, ప్రార్థన చెప్పింది, తొమ్మిది వాక్యాలు చెప్పింది. పదోది సగంలో ఆపి చేతులు కట్టుకుని నిలబడింది.

"అమ్మా, మూడవ మాటను ఏల విడిచితివి? జ్ఞాపకము లేదా?" అన్నారు దొరగారు.

"జ్ఞాపకం ఉందండి బాబూ. తట్టడం రాదండి. ఎప్పుడూ చెయ్యలేదండి. చెయ్యని పని వచ్చని దేవుడి ముందు ఎలా చెప్పనండి?"

దొరగారు మా ఆయన వైపు చూశారు. మా ఆయన నేల వైపు చూశారు. దొరగారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఈ తల్లికి వచ్చే సంవత్సరం ఇద్దాములే అన్నట్టు ఏదో రాసుకున్నారు. ఆ రోజు పదకొండు మంది బాప్తిస్మం పొందారు. పంతులుగారి తల్లి మాత్రం గట్టు మీద నిలబడి వాళ్ల కోసం పాట పాడింది. ఇంటికొచ్చాక మా ఆయన కోపమంతా నా మీద తీశారు. ఒక్క ముసలిదానికి పది వాక్యాలు నేర్పలేని చదువు ఎందుకన్నారు. నేను ఏడుస్తూ కూర్చుంటే వెనక నుంచి ఆవిడ గొంతు వినబడింది. "దాన్నేం అనకు. దానికి తెలిసింది అది చెప్పింది. నాకు తెలిసింది నేను చెప్పాను."

మరుసటి ఏడు శ్రావణంలో నాకు తొలికాన్పు. ఆ ఏడు వానలు మామూలువి కావు. గోదావరి పొంగి, కాలువ గట్లు అంచుల దాకా నిండి, పడవలు ఆగిపోయాయి. మిషను పంతుళ్ల నెలసరి కూటానికి కొవ్వూరు వెళ్లిన మా ఆయన అక్కడే చిక్కుకుపోయారు. పేటలో మగవాళ్లందరినీ గట్లు కాయడానికి తోలుకుపోయారు. ఒకనాడు పొద్దు వాలే వేళ నాకు నొప్పులు మొదలయ్యాయి. మర్నాడు మధ్యాహ్నమైనా కాన్పు కాలేదు. పేట మంత్రసాని చేతనైనదంతా చేసి, చేతులు కడుక్కుని, "బిడ్డ అడ్డం తిరిగింది. నావల్ల కాదు" అని గోడకు చేరగిలబడింది. ఆ మాట నాకు వినబడింది. వినబడకూడదని వాళ్లు అనుకున్నారు గాని, పాకలో ఎంత దూరమని వెళ్తారు?

ఊళ్లో అందరికంటే పెద్ద కామందుగారి తల్లి ఒకావిడ ఉండేది. ఊరంతా పెద్దమ్మగారు అనేవారు. భర్త పోయిన మనిషి. ఆవిడ చెయ్యి మంచిదని పేరు. కడుపులో దూడ అడ్డం తిరిగితే ఆముదం రాసుకున్న చేత్తో సర్ది బయటికి తీసేది. అయినవాళ్ల ఇళ్లలో ఆడపిల్లల కాన్పులు కష్టమైనా ఆవిడనే పిలుచుకుపోయేవారు. మా అత్తగారు ఆ ఇంటి గొడ్లసావిడి ఊడ్చేటప్పుడు ఆవిడ దూడను తీయడం రెండు మూడుసార్లు బయట నుంచి చూసిందట. మంత్రసాని మాట వినగానే మా అత్తగారు లేచి, నెత్తి మీద గోనె కప్పుకుని వానలోకి వెళ్లింది.

తరువాత జరిగింది ఆవిడ నాకు ఎన్నిసార్లు చెప్పిందో. ఎప్పుడు చెప్పినా అవే మాటలు. కామందుగారి పెద్దింటి వీధంతా బురదా వాననీళ్లూ. మధ్యాహ్నపు వేళ, అందరూ తిని పడుకున్నారు. తలుపులన్నీ వేసున్నాయి. ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి కేకేసింది. పెంకుల మీద వాన హోరు. అమ్మగారండీ అని మళ్లీ కేకేసింది. ఎంతసేపు అరిచిందో తెలియదు, గొంతు రాసుకుపోయి మాట బొంగురైపోయింది. లోపల ఎవరో దగ్గిన చప్పుడు కూడా వినబడిందట. ఆవిడ కేక మాత్రం లోపలికి వెళ్లలేదు.

"అప్పుడు నాకు నువ్వు పెట్టె మీద కొట్టి చూపించింది గుర్తొచ్చిందే," అనేది. "రాదన్నాను కదా, ఎలా కొట్టాలో నిజంగానే తెలియలేదు. మెట్లెక్కాను, అరుగు దాటాను. కాళ్లు వణికిపోతున్నాయి. వేళ్లు మడవాలని మర్చిపోయి, పిడక కొట్టినట్టు అరచేత్తో కొట్టాను." మూడు దెబ్బలు కొట్టి, ఒక్క పరుగున వీధిలోకి దిగి, వానలో చేతులు జోడించుకుని నిలబడిందట.

తలుపు తీసింది పెద్దమ్మగారే. తీసి, ఎదురుగా ఎవరూ లేకపోతే వీధి వైపు చూసింది.

"తలుపు కొట్టిందెవరు?"

"నేనేనండి. పేటదాన్నండి, పంతులి తల్లినండి. కేకేస్తే వినపడలేదండి."

పెద్దమ్మగారు తలుపు వైపు తిరిగి చూసింది. పసుపు రాసిన చెక్క మీద అయిదు వేళ్లూ అచ్చుపడి, బురద కిందికి కారుతోంది.

"తప్పేనండి. రేపు ఏం చేయించినా పడతానండి. ఇప్పుడు మాత్రం రండమ్మా. నా కోడలికి బిడ్డ అడ్డం తిరిగిందండి. మీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి లేదండి."

పెద్దమ్మగారు ఆ బురద అచ్చు మీద నుంచి చూపు తిప్పి ఈవిడ వంక చూసిందట. "నా ప్రాణం అప్పుడు పోయి వచ్చింది" అనేది మా అత్తగారు. అప్పుడు పెద్దమ్మగారు అడిగింది, "నొప్పులు ఎప్పట్నుంచి?"

"నిన్న పొద్దు వాలిన కాడి నుంచండి."

"ఆముదం ఉందా ఇంట్లో?"

"లేదండి."

ఆవిడ లోపలికి వెళ్లి ఆముదం గిన్నె, తాటాకు గొడుగు పట్టుకుని వచ్చింది. కొడుకును లేపలేదు, ఎవరితోనూ చెప్పలేదు. ఇద్దరాడవాళ్లూ ముందొకరు వెనకొకరు చేల గట్టు మీద జారుతూ నడిచి వచ్చారు. గట్టు తెగిన చోట పెద్దమ్మగారు పడబోతే మా అత్తగారు చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుందట. "పట్టుకో, పడితే ఇద్దరికీ నష్టమే" అని ఆవిడే చెయ్యి అందించిందట.

నాకు ఆ మధ్యాహ్నం ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. తడిక పక్కకు జరగడం, వానతో తడిసిన చల్లని చెయ్యి నా పొట్ట మీద ఆనడం, ఆముదం వాసన. "ఏమే పిల్లా, చదువుకున్నదానివట కదా. నేను చెప్పినప్పుడే ఊపిరి బిగబట్టు. దానికి చదువక్కర్లేదు" అనడం. ఆ చెయ్యి ఎంత నెమ్మదిగా, ఎంత గట్టిగా బిడ్డను తిప్పిందో చెప్పడానికి నాకు మాటలు లేవు. దీపాల వేళ కాకముందే ఆడపిల్ల పుట్టింది. ఏడవడానికి కాస్త తడవు తీసుకుంటే, పెద్దమ్మగారు కాళ్లు పట్టుకుని వేలాడేసి వీపు మీద తట్టింది. అప్పుడు ఏడ్చింది. పేటంతటికీ వినబడేలా ఏడ్చింది. పెద్దమ్మగారు గిన్నెలో మిగిలిన ఆముదం మాకే వదిలేసి, పొంగుతున్న కాలువలోనే చేతులూ కాళ్లూ కడుక్కుని వెళ్లిపోయింది.

కామందుగారు నిద్ర లేచి తలుపు మీద చెయ్యచ్చు చూశారు. మర్నాడు మా అత్తగారిని వీధిలో నిలబెట్టారు. ఊరి పెద్దలు అరుగుల మీద కూర్చున్నారు. "తలుపు తట్టమని నీకెవరు చెప్పారే?" అని అడిగారు.

"మా ప్రభువు చెప్పాడండి" అంది ఆవిడ.

ఆ మాటకు ఒక్క క్షణం అందరూ గతుక్కుమన్నారట. కలెక్టరు దొర కొత్తగా ఏదైనా హుకుం పంపాడేమోనని కామందుగారు గుమస్తా వైపు చూశారట. అదేం కాదని తెలిశాక కోపం రెట్టింపయింది. కొట్టిస్తారనే అందరూ అనుకున్నారు. అప్పుడు తలుపు వెనక నుంచి పెద్దమ్మగారి గొంతు వచ్చింది. ఆవిడ మగవాళ్ల ముందు మాట్లాడగా ఊళ్లో ఎవరూ వినలేదు. "అది గొంతు పోయేలా అరిచిందట. ఇంట్లో తొమ్మిది మందిమి ఉన్నాం. ఒక్కరికీ వినపడలేదు. సిగ్గుపడాల్సింది ఎవరురా?"

కొట్టలేదు. కానీ ఆ ఇంటి చేలల్లోకి మా అత్తగారిని, ఆవిడ వెనక నడిచే ఆడవాళ్లను రెండేళ్లపాటు రానివ్వలేదు. తలుపు కడిగించారు, పసుపు పూయించారు, పెద్దమ్మగారి చేత తలస్నానాలు చేయించి వారం పాటు వేరే విస్తరి వేశారు. మా అత్తగారు తెల్లవారకముందే లేచి ఆరు మైళ్ల అవతలి ఊరికి నాట్లకు నడిచి వెళ్లేది. ఆవిడ జట్టులో ఆడవాళ్లు కొందరు నన్ను చూసి ముఖం తిప్పుకున్నారు. వాళ్ల తప్పు లేదు. వాళ్ల పిల్లలూ ఆకలికి ఏడ్చేవారు. "నావల్ల కదండి అత్తా ఇదంతా" అని నేను కన్నీళ్లు పెట్టుకుంటే, ఆవిడ నా కూతుర్ని కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోస్తూ, "ఇది లేకపోతే అవన్నీ ఉండేవి. ఏది కావాలే నీకు?" అనేది.

దొరగారు మళ్లీ వచ్చేసరికి సంగతంతా ఆయన చెవిన పడింది. ఈసారి పరీక్షకు ఊళ్లో నుంచి కూడా ఇద్దరు ముగ్గురు వచ్చి దూరంగా నిలబడ్డారు. అత్తగారు పదో వాక్యం ఆగకుండా చెప్పింది. దొరగారు వదల్లేదు. "దాని భావమేమి, అమ్మా?" అన్నారు.  పరలోకం, ప్రార్థన అని చెబితే చాలునని మొక్కుకున్నాను.

"ముందు మాతో చెప్పిన మాట కాదనుకున్నానండి," అంది ఆవిడ. "మాతోనేనండి. తట్టేదాకా లోపల మనిషుందని తెలియదండి."

దొరగారు ఆ ఆదివారమే కాలువలో ఆవిడకు బాప్తిస్మం ఇచ్చారు. చుట్ట మానమని మాత్రం ఆయన చెప్పలేదు, ఆవిడ మానలేదు.

ఇదంతా అయ్యాక, నా కూతురికి నడక వచ్చే రోజుల్లో జరిగింది ఇంకొకటి చెప్పాలి. నా దృష్టిలో అసలు సంగతి అదే. ఆవిడ రోలు దగ్గర వడ్లు దంచుతోంది. నేను పక్కన కూర్చుని చేట పక్కన పెట్టి, బైబిలు చివరి పుస్తకం నుంచి పైకి చదువుతున్నాను. ప్రభువు తలుపు దగ్గర నిలబడి తడుతున్నానని, ఎవరైనా తన స్వరం విని తలుపు తీస్తే లోపలికి వచ్చి వాళ్లతో కలిసి భోజనం చేస్తానని అనే చోటు. ఆ వాక్యానికి బోర్డింగులో నాకు ఒక కార్డు కూడా వచ్చింది. బంగారు అంచు కార్డు. అలవాటుగా చదివేసి పేజీ తిప్పబోయాను. రోకలి చప్పుడు ఆగిపోయింది.

"ఎవరు? ప్రభువే?"

"అవునండి అత్తా."

"బయటా నిలబడ్డాడు? తలుపేసుందా?"

"వేసుందండి."

"వానలోనా?"

"వాన అని రాయలేదండి."

"బయటున్నోడికి వాన ఉండదేంటే?" అంది. రోకలి గోడకు ఆనించి నా పక్కన చతికిలబడింది. "మళ్లీ చదువు."

మళ్లీ చదివాను. కలిసి భోజనం చేస్తానన్న మాట దగ్గర నా చెయ్యి పట్టుకుంది. "మనతోనా? కూర్చుని? మన పొయ్యి మీద వండింది?" అంది. అవునన్నాను. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమటో ఇంకేమో నేను చూడలేదు. "తీస్తారో తీయరోనని ఆయన కాళ్లూ వణికుంటాయే," అంది చివరికి. "ఆయన మనోడే."

నేను ఆ వాక్యాన్ని ఎన్నో ఏళ్లుగా ఎరుగుదును. ఎప్పుడు చదివినా నేను ఇంటి లోపల ఉండేదాన్ని. నా ఇల్లు, నా తలుపు, నేను తీయాలా వద్దా అని ఆలోచించేదాన్ని. ఆయన ఎండలో ఉన్నాడో వానలో ఉన్నాడో, కేకేసి కేకేసి గొంతు పోయిందో, ఆ ఇంటి అరుగు ఎక్కే హక్కు ఆయనకు ఎవరిచ్చారో, ఇవేవీ నాకు తోచలేదు. తోచడానికి నేను ఎప్పుడు ఏ వీధిలో నిలబడ్డాను గనక? ఆవిడకు చదువు రాదు. కానీ ఆ గుమ్మం బయట ఎలా ఉంటుందో ఆవిడకు తెలుసు. ఆ రోజు నుంచి నేను బైబిలు చదివితే ఆవిడ పక్కన ఉండాలని చూసుకునేదాన్ని. నేను అక్షరాలు చదివేదాన్ని, ఆవిడ మిగతాది చదివేది.

పెద్దమ్మగారు మరో ఏడెనిమిదేళ్లు బతికింది. ఆవిడా మా అత్తగారూ మళ్లీ ఎప్పుడూ పట్టుమని పది మాటలు మాట్లాడుకోలేదు. కాని మా అత్తగారు ఆ వీధిన పోయే వేళకు పెద్దింటి తలుపు ఒక రెక్క తీసి ఉండేది. లోపల నుంచి "పిల్ల ఎలా ఉంది?" అని ఒక ప్రశ్న వచ్చేది. "బాగుందండి, మీ దయ" అని ఈవిడ వీధిలో నుంచే చెప్పేది. అంతే. రెండేళ్లు గడిచాక ఎవరూ పైకి ఏమీ అనకుండానే చేలల్లోకి మళ్లీ కబురొచ్చింది. అరుగు మాత్రం అరుగుగానే ఉంది, వీధి వీధిగానే ఉంది. లేదని చెబితే అబద్ధమవుతుంది. మా అత్తగారు ఇంకో తలుపు తట్టిందో లేదో నాకు తెలియదు. తట్టాల్సి వస్తే తట్టేదే అని మాత్రం తెలుసు.

ఆవిడ పోయి ఇప్పటికి చాలా ఏళ్లయింది. చివరి రోజుల్లో చూపు ఆనక, మంచం మీద పడుకుని నన్ను చదవమనేది. ఫలానా వాక్యం అని అడిగేది కాదు, "ఆ వాన వాక్యం చదువు" అనేది. అందులో వాన లేదని నేను మళ్లీ ఎప్పుడూ అనలేదు. నేను ఆవిడకు పాఠం మొదలుపెట్టినప్పుడు నాకు పదిహేడేళ్లు, అన్నీ తెలుసనుకునేదాన్ని. ఆవిడకు అప్పుడు నలభై దాటి ఉంటాయి, నాకు ముసలిదానిలా కనబడేది. వయసులో ఆవిడను దాటి నేను ఎంతో దూరం వచ్చేశాను. ఆవిడ రోకలి ఆపి కూర్చున్న ఆ చోటికి మాత్రం, ఇన్నేళ్లుగా చదువుతూ, ఇంకా నడుస్తూనే ఉన్నాను.